చీనీ తోటలో ఆయిల్ ఇంజను

నేను నౌకాదళంలో చేరిన ఆ రోజుల్లో మా ఆదోని పక్క పల్లెల్లో ఓడ అనే మాటతో ఎవరికీ పనిపడేది కాదు. ఎండాకాలం బిందెడు నీళ్ళ కోసం పక్క ఊరి బావి దాకా నడిచే జనం మేము. అలాంటి చోట పుట్టి, నానా తంటాలు పడి ఇంజినీరింగ్ చదివి, సముద్రం మీద ఉద్యోగానికి పోతానంటే మా అమ్మ ఒక్కటే ప్రశ్న వేసింది. "ఆడ నీళ్ళకు కరువు లేదు గదా?" "యాడ చూసినా నీళ్ళేనమ్మా" అన్నాను. "అట్లయితే పో నాయనా" అంది. (ఇంటర్వ్యూలో ఈ ఉద్యోగమే ఎందుకు కావాలని అడిగితే నేనూ ఇంచుమించు అదే కారణం చెప్పాను. పెద్ద పెద్ద అధికారులు పగలబడి నవ్వి, ఎందుకో మరి, ఎంపిక చేశారు.) తీరా ఓడ ఎక్కాక తెలిసింది, ఆ నీళ్ళు పుక్కిలించడానికి కూడా పనికిరావని. ఉప్పునీళ్ళను కాచి మంచినీళ్ళు చేసే యంత్రం నా అజమాయిషీలో ఉండేది. నీళ్ళు తగ్గినప్పుడల్లా కొళాయిలు కట్టేయించి, ఒంటికి సబ్బు రాసుకుని నిలబడ్డ వాళ్ళందరి తిట్లూ తినడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. కరువు నన్ను వెతుక్కుంటూ సముద్రం మీదకే వచ్చింది.

శిక్షణలో నాకు దొరికిన ఒకే ఒక్క తెలుగువాడిది కడప జిల్లా, పులివెందుల వైపు పల్లె. వాడు సెలవు నుంచి తిరిగొచ్చినప్పుడల్లా గోనెసంచెడు చీనీకాయలు మోసుకొచ్చేవాడు. మొదటిసారి "చీనీ తినండి" అని అందరినీ పిలిస్తే, హిందీలో చీనీ అంటే చక్కెర కాబట్టి, ఉత్తరాది వాళ్ళు చక్కెర పంచుతున్నాడేమోనని చెంచాలతో వచ్చారు. బత్తాయిలను చక్కెర అని పిలిచే మనిషిని వాళ్ళు అంతవరకూ చూడలేదు. ఆ పూట నుంచి వాడి పేరే చీనీ అయిపోయింది. మా ఇద్దరికీ ఒకటే పోట్లాట, ఎవరి జిల్లా ఎక్కువ ఎండిపోయిందని. "మాకు తుంగభద్ర ఉండాదిలే" అని నేను గొప్పలు పోతే, "ఉండాదప్పా, మీ ఊరి పక్కకు ఎప్పుడన్నా వచ్చి పలకరించి పోయిందా?" అని వాడు నా నోరు మూయించేవాడు.

తరగతిలో ఆవిరి టర్బైన్ల గురించి గంటల తరబడి పాఠం సాగుతుంటే చీనీ నా చెవిలో గొణిగేవాడు. "ఇంత కథ ఎందుకప్పా? మా బాయికాడ ఆయిల్ ఇంజను ఉండాది. హ్యాండిలు తిప్పితే టుకుటుకుమంటాది, చెట్లకు నీళ్ళు పోతాయి. అంతే!" ఆ ఇంజను వాళ్ళ నాన్న చీనీ తోటకు ప్రాణం. ఏటా సెలవులో పోయి దాన్ని విప్పి, తుడిచి, బిగించి రావడం వాడి పని. కొడుకు తప్ప వేరే ఎవరు స్పానర్ పట్టుకున్నా ఆ పెద్దాయన ఒప్పుకునేవాడు కాదట.

శిక్షణ అయ్యాక వాడొక ఓడ మీదికి, నేనొక ఓడ మీదికి పోయాం. కొంతకాలానికి యుద్ధం వచ్చింది. నన్నెవరైనా యుద్ధం గురించి చెప్పమంటే ఇప్పటికీ ఇబ్బందే. ఎందుకంటే నేను యుద్ధాన్ని చూడలేదు. ఓడ అడుగున, బాయిలర్ల పక్కన, మా ఊరి రోహిణి కార్తె చల్లగా తోచేంత వేడిలో, చెమటకు తడిసిన చొక్కాతో ఆవిరి ఒత్తిడి చూపే గేజీల వైపు చూస్తూ నిలబడి ఉన్నాను. పైనుంచి గంట మోగితే వేగం పెంచాలి, మళ్ళీ మోగితే తగ్గించాలి. మేం ఎవరి వెంట పడ్డామో, ఎవరు మా వెంట పడ్డారో గంటకు తెలుసు గాని నాకు తెలియదు. పైన ఫిరంగి పేలితే నెత్తిన రంగు పెచ్చులు రాలేవి. నాకు అందిన యుద్ధం అంతే. అలా నిలబడి ఉన్నప్పుడే ఒక పూట పైనుంచి వచ్చిన సహచరుడు నా పక్కన చేరి, చీనీ ఉన్న ఓడ మునిగిపోయిందని చెప్పాడు. బతికి బయటపడిన వాళ్ళలో ఇంజను గది వాళ్ళు లేరన్నాడు. నేను గేజీ మీద నుంచి కళ్ళు తీయలేదు. తీయకూడదు. అంతలోనే గంట మోగింది. వేగం పెంచాను.

యుద్ధం ముగిసి సెలవు దొరకగానే మా ఊరికి పోకుండా నేరుగా చీనీ వాళ్ళ ఊరికి బయలుదేరాను. మర్యాదగా ఉంటుందని తెల్లటి యూనిఫాం వేసుకున్నాను. (కడప నుంచి ఎర్రమట్టి దారిలో, పైకప్పు మీద మేకలున్న బస్సులో తెల్లబట్టలతో పోవాలనుకున్నవాడి తెలివి ఎంతటిదో మీరే ఊహించుకోండి.) దిగేసరికి నేను కాల్చిన ఇటుక రంగులో ఉన్నాను. నౌకాదళం మనిషి వచ్చాడని ఊరు సగం వెంటపడింది. "ఎంతమందిని కాల్చినావప్పా?" అని ఒకాయన, "సముద్రం మన తుంగభద్ర డ్యామంత ఉంటాదా?" అని ఇంకొకాయన. అందరినీ దాటుకుని ఇంట్లోకి పోతే చీనీ వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాయనా, నీకు తెలిసి ఉంటాది. మావోడు ఆ పొద్దు పైన ఉన్నెనా, కింద ఉన్నెనా?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. నోరు రాలేదు. "కిందే ఉన్నాడు పెద్దమ్మా. ఇంజను కాడ."

మూల మంచం మీద కూర్చున్న పెద్దాయన మొదటిసారి నోరు తెరిచాడు. "ఇంజను ఇడిచిపెట్టి వచ్చే రకం కాదులే వాడు" అన్నాడు. అని మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

తోట ఎండిపోతున్న సంగతి పెద్దమ్మే చెప్పింది. కబురు వచ్చినప్పటి నుంచి ఇంజను పలకడం లేదు. బాగుచేసే మనిషిని పిలుస్తామంటే పెద్దాయన ముట్టనివ్వడు. అది కొడుకు చేత్తో బిగించిన ఇంజను, వేరే చెయ్యి పడితే ఒప్పుకోడు. "నువ్వు అడిగి చూడు నాయనా. ఈ వారం నీళ్ళు పడకపోతే చెట్లు బతకవు" అంది. నేను పోయి మంచం పక్కన నిలబడ్డాను. "పెదనాయనా, నేనూ వాడూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నన్ను చూడనీ." ఆయన లేచి, కండువా భుజాన వేసుకుని, బావి దారి పట్టాడు. నేనూ పెద్దమ్మా వెనకే నడిచాం.

చీనీ చెట్ల ఆకులు ముడుచుకుపోయి, ఊదితే రాలేట్టున్నాయి. నేను చొక్కా చేతులు పైకి మడిచి, ఒక యుద్ధనౌకను నడిపిన మనిషికి తగిన గాంభీర్యంతో హ్యాండిలు తిప్పాను. ఇంజను ఒక్కసారి వెనక్కి తన్నింది. నేను పోయి ఎండిన కాలవలో వెల్లకిలా పడ్డాను. లేచి గొట్టం నట్టు ఒకటి విప్పితే డీజిలు ఎగజిమ్మి నా మొహమూ చొక్కా ముందు భాగమూ కడిగేసింది. గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఇదంతా చూసి మెల్లగా అడిగాడు.

"ఏమప్పా, నువ్వు నిజంగా ఓడ నడిపినావా?"

"అది ఆవిరి ఇంజను, పెదనాయనా" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"అట్లయితే చెప్పకూడదా! మీ పెద్దమ్మను కుండెడు నీళ్ళు కాంచుకు రమ్మందును."

పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమెను చూసి ఆయనా నవ్వాడు. గట్టిగా, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే అది ఏడుపయింది. కబురు వచ్చినప్పటి నుంచి ఆయన ఏడవలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది. నేను డీజిలు కారుతున్న మొహంతో ఏం చేయాలో తెలియక స్పానర్ పట్టుకుని నిలబడ్డాను. నా ఏడుపు కూడా అప్పుడే, డీజిలు సాకుతో అయిపోయింది.

తర్వాత చూస్తే పెద్ద జబ్బేమీ కాదు. డీజిలు వచ్చే నూనె గొట్టంలో గాలి పట్టింది. గాలి తీసేసి, బిగించి, తిప్పితే ఇంజను నల్లటి పొగ వదిలి టుకుటుకుమని అందుకుంది. కాలవలో నీళ్ళు పారగానే పెద్దాయన పార తీసుకుని చెట్ల పాదుల్లోకి మళ్ళించడానికి పోయాడు. చెట్లు చాలావరకు బతికాయి.

మర్నాడు బస్సెక్కేటప్పుడు ఆయన, "మళ్ళా సెలవెప్పుడు? ఇంజను చూడాల గదా" అన్నాడు. అలా మొదలైంది. విశాఖపట్నంలో ఓడల మరమ్మతులు, ప్రమోషన్లు, పెళ్ళి, పిల్లలు, అన్నీ వచ్చాయి. ఏటా సెలవులో మాత్రం ముందు ఆ ఊరే. "ఎక్కడికి పోతున్నావు?" అని పై అధికారి అడిగితే "ఒక ఇంజను సర్వీసింగ్ ఉంది సార్" అనేవాణ్ణి. ఆయన నన్ను కష్టజీవి అనుకునేవాడు. కొత్త పెళ్ళికూతుర్ని ఊటీకని బయలుదేరదీసి ముందు ఆ బావి దగ్గరికి తీసుకుపోయిన ఘనత కూడా నాదే. (ఆ సంగతి మా ఆవిడ ఈరోజుకూ మరిచిపోలేదు.)

కొన్నేళ్ళకు ఊరికి కరెంటు మోటారు వచ్చింది. అయినా ఇంజను పాకలోనే ఉంది, ఏటా నేను పోయేసరికి పలకకుండానే ఉంది. ప్రతిసారీ అదే జబ్బు, నూనె గొట్టం నట్టు వదులై గాలి పట్టడం. ఒకసారి సంగటి వడ్డిస్తూ పెద్దమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "నువ్వు వస్తాండావని తెలిస్తే సాలు, ముందురోజు స్పానరు తీసుకొని బాయికాడికి పోతాడు నాయనా. నేను చెప్పినానని అనొద్దు."

నేను అనలేదు. ఆ తర్వాత ఏడాది నుంచి వెతకడం కావాలనే అవతలి కొస నుంచి మొదలుపెట్టాను. ముందు ఫ్లైవీలు, తర్వాత బేరింగులు, ఆ నట్టు మాత్రం ఆఖరున. అంతసేపూ ఆయన పక్కన కూర్చుని కొడుకు చిన్ననాటి కబుర్లు చెప్పేవాడు. ఒక ఏడాది నేను పొరపాటున తొందరగా కనిపెట్టేస్తే, "ఈతూరి శానా బిరీన దొరికిందే" అని చిన్నబుచ్చుకున్నాడు.

ఆయన పోయినప్పుడు నేను సముద్రం మీద ఉన్నాను. కర్మకాండలన్నీ ముగిశాక గాని చేరలేకపోయాను. పెద్దమ్మను పలకరించి, ఒక్కణ్ణే బావి దగ్గరికి పోయి హ్యాండిలు తిప్పాను. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. నట్టు వదులు చేసే చెయ్యి లేదు మరి. జీవితమంతా ఇంజన్లు పలికితే చాలని దేవుళ్ళకు మొక్కుకున్న మనిషిని, ఆ చప్పుడు వింటూ నిలబడలేకపోయాను. ఆపేశాను. అప్పటికే తల నెరిసి, భుజాల మీద బంగారు పట్టీలు పెరిగిన నాలాంటి పెద్దమనిషి తర్వాత చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పుడు, ఈ కర్నూలు అపార్టుమెంటు బాల్కనీలో ఒక్కణ్ణే కూర్చుని కూడా, నవ్వొస్తుంది. పాకలోంచి స్పానర్ తీసుకుని, నూనె గొట్టం నట్టును నేనే వదులు చేసి, ఫ్లైవీలు దగ్గర నుంచి వెతకడం మొదలుపెట్టాను. పెద్దమ్మ అన్నానికి పిలిచేదాకా జబ్బేమిటో నాకు అంతుపట్టలేదు.