ఇవ్వొచ్చు, ఇవ్వొద్దు

నాకు చెవుడు వచ్చిందని ఎవరైనా అంటే ఒళ్లు మండేది. ఈ కాలం మనుషులకు నోరు తెరిచి మాట్లాడడం రాదు, మాటను నోట్లోనే నములుతారు, అది నా చెవుల తప్పెలా అవుతుందని వాదించేదాన్ని. ఓ ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఎవరో సోదరుడు చనిపోయాడని ప్రకటిస్తే నేను శుభవార్త విన్నట్టు గట్టిగా "స్తోత్రం!" అన్నానట. ఇంటికొచ్చే దారంతా మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నేనూ నవ్వేశాను. అప్పటికి అది నవ్వుకునే సంగతే.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆయనకు కిడ్నీల జబ్బు బయటపడింది. మాది కవిటి పక్కన ఊరు. మా ఉద్దానం ఊళ్లలో ఈ జబ్బు పేరు చెబితే అదేమిటని ఎవరూ అడగరు, ఎంతవరకు వచ్చిందనే అడుగుతారు. మా బావగారు, అంటే పక్కింట్లో ఉండే మా తోటికోడలి భర్త, దానితోనే పోయాడు. అందుకే ఆలస్యం చెయ్యకుండా పలాస ఆసుపత్రికి వెళ్లాం. డయాలసిస్ ఇప్పుడే అక్కర్లేదు, మందులు వాడుతూ తిండి దగ్గర జాగ్రత్త పడితే కొంతకాలం నెట్టుకు రావచ్చని డాక్టరు చెప్పాడు. ఆ తిండి సంగతి చెప్పడానికి నర్సమ్మను పిలిచాడు. మా ఆయన రక్తపరీక్షకు వేరే గదికి వెళ్లాడు. ఆవిడ మూతికి మాస్కు, నెత్తిన ఫ్యాను చప్పుడు, వెనక జనం గోల. ఉప్పు గురించి చెప్పింది, పళ్ల గురించి చెప్పింది. సగం అందింది, సగం అందలేదు. అన్నిటికీ ఊఁ కొట్టాను. కొబ్బరినీళ్ల మాట నేనే అడిగాను.

"ఇవ్వొచ్చమ్మా" అంది.

నాకు అలాగే వినబడింది. ప్రాణం లేచొచ్చింది. మా దగ్గర భూమిలోంచి వచ్చే నీళ్లంటే అందరికీ భయం. ఆ నీళ్లవల్లే ఇదంతా అని ఒకరంటారు, కాదని ఒకరంటారు. చెట్టు మీది నీళ్లను మాత్రం నేనెప్పుడూ అనుమానించలేదు. తోట మాది, కాయ మాది, ఇంతకంటే మంచి మందేముంటుంది అనుకున్నాను. మనిషిని చెట్టెక్కించి లేత బొండాలు దింపించాను. పొద్దున్నే ఒకటి, ఎండెక్కాక ఇంకొకటి.

"నిజంగా తాగొచ్చన్నారేటే?" అని ఆయన మొదటిరోజే అడిగాడు.

"నా సెవులతో ఇన్నాను మావా, తాగు," అన్నాను.

వారం తిరక్కుండానే ఆయన కాళ్లలో సత్తువ పోయింది. అరుగు దిగబోయి అక్కడే కూలబడ్డాడు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టుందన్నాడు. కంగారులో నేను మరో బొండాం కొట్టి తెచ్చాను. అప్పుడే వచ్చింది మా తోటికోడలు. నా చేతిలోది లాక్కుని పెరట్లోకి విసిరికొట్టింది.

"ఓలమ్మో! ఏటి సేత్తన్నావే? కిడ్నీ జబ్బు మనిషికి కొబ్బరినీళ్లు ఇత్తన్నావా? సంపేత్తావేటి?"

"నర్సమ్మే ఇవ్వొచ్చందక్కా!"

"ఇవ్వొద్దని సెప్పుంటాది! మా ఇంటాయనకీ అదే సెప్పినారు!"

ఆ మాట మాత్రం స్పష్టంగా వినబడింది. పలాస వరకూ ఆటోలో ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని, ఆ ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చెవి పెట్టి వినే ధైర్యం లేదు, వినబడకపోతే ఏమనుకోవాలో తెలియక. ఆ కొబ్బరినీళ్లతో రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది, ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని ఆసుపత్రిలో అన్నారు. ఆయన బతికాడు. నాకు మాత్రం భయం వదల్లేదు.

ఇంటికొచ్చాక ఆయనకు మంచినీళ్లు ఇవ్వాలన్నా చెయ్యి ఆడేది కాదు. మాత్ర తిండికి ముందా, తర్వాతా అని అడిగిందే అడిగేదాన్ని. చివరికి ఆయనే నన్ను బస్సెక్కించి టెక్కలిలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నొక్కుతూ ఉన్నాను. కాసేపటికి శబ్దాలు ఆగిపోయాయి. పరీక్ష అయిపోయిందనుకుని అద్దంలోంచి చూస్తే బయట డాక్టరు ఇంకా ఏవో తిప్పుతూనే ఉన్నాడు, నన్నే చూస్తున్నాడు. శబ్దాలు వస్తూనే ఉన్నాయన్నమాట. అప్పుడు వేసిన భయం ఆటోలో కూడా వేయలేదేమో.

వయసుతో వచ్చే చెవుడే అన్నాడు. చ, స లాంటి పలచని శబ్దాలు ముందు పోతాయట. మాట సరిగ్గా అందనప్పుడు, మన మనసు ఏది కోరుకుంటే దాన్నే తెచ్చి ఆ ఖాళీలో పెట్టుకుంటుందట. షుగరు, బీపీ ఉంటే చెవుల నరాలు ఇంకా తొందరగా దెబ్బతింటాయని, రెండూ చూపించుకోమని చెప్పాడు. చెవుడును ఇలాగే వదిలేస్తే మనుషులకు దూరమైపోతామని, మతిమరుపు పెరగవచ్చని, నడకలో తూలి పడవచ్చని కూడా అన్నాడు. పడితే పడతాను, కట్టు కట్టించుకుంటాను. మతి పోతే ఈ మనిషికి మందులెవరిస్తారు? వెంటనే చెవికి మిషను పెట్టించుకున్నాను.

తర్వాత పలాస వెళ్లినప్పుడు డాక్టరు కంప్యూటరు వైపు చూస్తూ మా ఆయనతో చాలాసేపు మాట్లాడాడు. చెవిలో మిషను ఫ్యాను చప్పుడు, బయట బండి చక్రాల మోత, ఎవరిదో దగ్గు, అన్నీ తెచ్చి పోసింది, ఆ మాటలు తప్ప. వరండాలోకి వచ్చాక అడిగాను.

"ఏటన్నారు మావా?"

"ఏటీ నేదే. బాగానే ఉందంతన్నారు."

అంతసేపటి మాటకు ఇంతేనా? వెనకటికైతే ఆయన గొంతులో చిన్న అబద్ధం దొర్లినా పట్టేసేదాన్ని. ఇప్పుడు ఆ గొంతు మిషనులోంచి ఎవరిదో గొంతులా వస్తోంది. మొహం చూద్దామంటే తిప్పుకున్నాడు. చెయ్యి పట్టుకు ఆపబోయాడు గానీ విడిపించుకుని మళ్లీ లోపలికి వెళ్లి డాక్టరు ఎదురుగా కూర్చున్నాను.

"నాకు సెవుడు బాబూ. నా మొకం సూసి, నెమ్మదిగా సెప్పండి."

డాక్టరు కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. ఇక మందులతో ఆగదమ్మా, ఈ వారంలోనే డయాలసిస్ మొదలుపెట్టాలి, మీవారికి చెప్పాను అన్నాడు. మా ఆయన గుమ్మం దగ్గర తలవంచుకుని నిలబడ్డాడు. నేను తప్పు విన్నానేమో, తప్పే విని ఉండాలి దేవుడా అనుకుంటూ, ఇంకోసారి చెప్పమని అడిగాను. డాక్టరు ఇంకోసారి అదే చెప్పాడు.