తలుపు కింద ఇసుక సంచి

మా మేడమ్ పోయారన్న సంగతి ఆవిడ పక్క ఫ్లాట్‌లో ఉండే మలయాళీ నర్సు ఫోన్ చేసి చెప్పింది. శుక్రవారం, మధ్యాహ్నం నమాజు ముగిసి దుకాణాలు మళ్లీ తెరుస్తున్న వేళ. పొద్దున క్లాసుకి ఆవిడ రాలేదు. నెట్ అందడం లేదేమో అనుకున్నాం. అప్పటికే అక్కడ తలుపు కొట్టి కొట్టి, పోలీసులను పిలిచి, గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్లారట. మంచం మీదే ఉన్నారు. గుండె అన్నారు డాక్టర్లు. గురువారం సాయంత్రం దాకా మాతో తిరిగిన మనిషి.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆవిడని దేవత అనీ, కరుణామయి అనీ రాస్తే ఆవిడకి ఒళ్లు మండేది. అలాంటి మాటలు రాసుకొచ్చిన నా మొదటి అసైన్‌మెంటుని కళ్లజోడు మీంచి చూసి, "దీనికి ఫ్రేము కట్టించుకో అమ్మాయ్, మార్కులు మాత్రం వెయ్యను" అన్నారు. కాబట్టి జరిగినవి జరిగినట్టు రాస్తాను.

మేం చదువుతున్నది మాస్టర్స్. మనసుకి పెద్ద దెబ్బ తగిలిన పిల్లలతో, పెద్దవాళ్లతో ఎలా మెలగాలో టీచర్లకీ సోషల్ వర్కర్లకీ నేర్పే చదువు. పాఠాలు మన దేశం నుంచి కంప్యూటర్లో వస్తాయి. ప్రాక్టికల్స్ మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే, అనుభవం ఉన్న ఒకరి కింద చేయాలి. మా వైపు తెలుగువాళ్లం ఇద్దరమే. నేను సౌదీలో అల్ ఖోబర్ దగ్గర ఒక ఇండియన్ స్కూల్లో నాలుగో తరగతి టీచర్ని. రెండో అతను జగిత్యాల తమ్ముడు, ఒక కంపెనీ క్యాంపులో కార్మికుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగం. మా ఇద్దరి మీదా ఈ మేడమ్. నరసాపురం వైపు మనిషి. ఇక్కడి ఆసుపత్రిలో మానసిక రోగుల వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా చేసి, యాభై దాటాక ఇదే చదువు చదివి, అదే ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో ఒక చెల్లెలు ఉంది.

మొదటి రోజు మా ఇంటి ముందు గదిలో కూర్చున్నాం. ఏసీ చల్లదనం పోతుందని నేను తలుపు వేయబోయాను. "ఉంచమ్మాయ్" అని ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఒక చిన్న గుడ్డ సంచి తీసి తలుపు కింద పెట్టారు. పాత నర్సు యూనిఫారం గుడ్డ. లోపల సముద్రం ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుక. మేమిద్దరం దాన్నే చూస్తున్నామని గమనించి, మాకు మొదటి పాఠం చెప్పారు. ఆ పాఠం ఆవిడ ఒకప్పుడు చేసిన తప్పు గురించి.

"కొత్తగా చదువు పూర్తి చేసిన రోజుల్లో ఒకావిడని నా దగ్గరికి తీసుకొచ్చారు. పనిచేసే ఇంట్లోంచి పారిపోయి వచ్చింది. మాట్లాడేటప్పుడు గుట్టుగా ఉండాలని పుస్తకంలో ఉంది కదా. మర్యాదగా తలుపేశాను. ఎవరూ రాకుండా గడియ కూడా పెట్టాను. అంతే. ఆవిడ లేచి గోడకి ఆనుకుపోయింది. నేను దగ్గరికెళ్తుంటే మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి, అమ్మాయ్. నన్ను చూసి. బట్టలు తడిపేసుకుంది. తాళం వేసిన ఇంట్లోంచి తప్పించుకొచ్చిన మనిషి ముందు గడియ పెట్టిన తెలివైనదాన్ని నేను."

"మరి గుట్టు ఎట్ల మేడమ్, తలుపు తెర్సుంటె?" అని అడిగాడు జగిత్యాల తమ్ముడు.

"బయట మన మనిషిని నిలబెట్టు. వచ్చేవాళ్లని ఆపుతాడు. లోపలున్న మనిషికి బయటికి పోయే దారి కనపడాలి. ముందు అది. తర్వాతే మన ప్రశ్నలు."

ఇలాంటివి ఆవిడకి కొన్ని ఉండేవి. మాట్లాడే మనిషికి ఎదురుగా కూర్చునేవారు కాదు, పక్కగా కూర్చునేవారు. ఎదురుగా కూర్చుంటే పోలీస్ స్టేషన్ అయిపోతుందనేవారు. క్లాసులో 'పాపం' అనే మాట నిషేధం. "పాపం అన్నారంటే మీరు కుర్చీలోకి వెళ్లారు, ఆవిడ నేల మీద మిగిలింది" అనేవారు. మనకి ఆ మాట ఊతపదం. నోరు జారిన ప్రతిసారీ ఆవిడ పెన్నుతో బల్ల మీద కొట్టేవారు. మా ఆయన కూడా భోజనాల దగ్గర ఆ మాట మానేశాడు, భయంతో.

నా తరగతిలో ఒక పాప ఉండేది. భుజాల మీంచి బ్యాగు దించేది కాదు. క్లాసులో అంతే, అన్నం తినేటప్పుడూ అంతే. వాళ్ల నాన్న ఉద్యోగం పోయి, కంపెనీ ఇచ్చిన ఇల్లు ఉన్నపళంగా ఖాళీ చేయించారు. చేతికి అందినవి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. ఆ పాపకి మిగిలింది ఆ బ్యాగే. క్రమశిక్షణ కుదరడం లేదు, దించించమని మా సూపర్వైజర్ నా మీద పడుతుంటే మేడమ్‌ని అడిగాను. "ఎందుకు దించాలి? నొప్పి ఆ పిల్ల వీపుకి. మీ సూపర్వైజర్ వీపుకి కాదుగా" అన్నారు. కిటికీ పక్క చోటు ఇమ్మన్నారు, బ్యాగు ఊసే ఎత్తొద్దన్నారు. కొన్నాళ్లకి ఒక పట్టీ భుజం మీంచి జారింది. రెండోది జారేలోపే ఆ కుటుంబం ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, ఇండియా వెళ్లిపోయింది. ఆ సంగతి మేడమ్‌కి చెప్పాను. పుదీనా వేసిన బ్లాక్ టీ తాగుతూ కూర్చున్నారు. ఈ పనిలో సగం కథలు ఇలాగే మధ్యలో తెగిపోతాయి. అది కూడా నేర్చుకోవాల్సిన పాఠమే అయితే, అది నాకు ఇష్టం లేని పాఠం.

ఇక రాయచోటి అక్క గురించి చెప్పాలి. ఆమె గురించి చెప్పకుండా మేడమ్ గురించి చెప్పలేను.

ఆమె ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంట్లో ఆమెను గదిలో పెట్టి తాళం వేసేవారు. అంతవరకే రాస్తాను, మిగతాది ఆమెది. ఎలాగో బయటపడి, అలా తప్పించుకొచ్చిన ఆడవాళ్లని ఉంచే షెల్టర్‌కి చేరింది. ఆమె యజమాని, ఇక్కడ కఫీల్ అంటాం, ఆమె మీద హురూబ్ పెట్టాడు. అంటే పని వదిలి పారిపోయిందని ఫిర్యాదు. అది కొట్టేస్తేగానీ దేశం దాటే అనుమతి, ఎగ్జిట్, రాదు. ఎగ్జిట్ లేకపోతే ఇంటికి పోలేదు. కొట్టేయాలంటే ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆమె తన నోటితో లేబర్ ఆఫీసులో అధికారి ముందు చెప్పాలి. ఆమె మాత్రం నోరు విప్పడం మానేసింది. షెల్టర్‌కి వచ్చిన కొత్తలో సాయం చేస్తామన్న ప్రతివాళ్లూ మొదటినుంచీ చెప్పమన్నారట. చెప్పీ చెప్పీ ఒక రోజు ఆగిపోయింది.

మేడమ్ ఆమెను ఏమీ అడగలేదు. వెళ్లినప్పుడల్లా సంచెడు చిక్కుడుకాయలు కొనుక్కుని వెళ్లేవారు. తలుపు కింద ఇసుక సంచి పెట్టి, ఆమె పక్కన చాప మీద కూర్చుని ఈనెలు తీసేవారు. కాసేపటికి ఆమె కూడా చేయి వేసేది. నేను ఇంకో పక్క. కూర షెల్టర్ వంటగదికి పోయేది. వారాలు అలా గడిచాయి. జగిత్యాల తమ్ముడికి ఓపిక నశించింది. కారు నడిపేది అతనే, ఆఫీసుల చుట్టూ తిరిగేది అతనే. ఒక రోజు తిరిగి వస్తుంటే దారిలో గట్టిగానే అడిగాడు.

"మేడమ్, ఆమె నోరు తెర్వకుంటె హురూబ్ ఎట్ల తీస్తరు? అటు కఫీల్ ఊకుంటడా? మనం చిక్కుడుకాయలు ఒల్సుకుంట కూసుంటె కేసు ముందట పడ్తదా?"

"పడకపోవచ్చు నాన్నా" అన్నారు మేడమ్. "నువ్వు అన్నది నిజమే. ఆలస్యమైతే ఆవిడకే నష్టం. కానీ అన్నీ లాగేసుకున్నారు ఆవిడ దగ్గర. మాట ఒక్కటే మిగిలింది. అది కూడా మనం లాక్కుందామా?"

తమ్ముడు కారు వేగం పెంచాడు. అతని కోపం తప్పని నేను ఇప్పటికీ అనను. మేడమ్ కూడా అనలేదు.

షెల్టర్ నుంచి బయటికి వచ్చేముందు ఆవిడ ప్రతిసారీ మొహం కడుక్కునేవారు. మోచేతుల దాకా నీళ్లు పోసుకునేవారు. "ఇక్కడిది ఇక్కడే వదిలెయ్యాలి, ఇంటికి మోసుకెళ్లకూడదు" అనేవారు. మా సిలబస్‌లో దాని మీద ఒక అధ్యాయమే ఉంది. వినేవాళ్ల అలసట గురించి. అన్ని పాఠాలూ నిదానంగా విడమరిచి చెప్పే మనిషి, ఆ ఒక్కటీ గబగబా ముగించేశారు. "మరి మీ మాటలు ఎవరు వింటారు మేడమ్?" అని అడిగితే, "మా చెల్లి వింటుంది, అరగంట దాని కోడలి గురించి చెప్పాక" అని నవ్వేశారు. ఒకసారి ఏవో పుస్తకాలు ఇవ్వడానికి ఆవిడ ఫ్లాట్‌కి వెళ్లాను. లోపల పై గడియ, కింది గడియ, గొలుసు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు వినబడింది. నా మొహంలో ఏం కనబడిందో, "ఒంటిదాన్ని కదమ్మాయ్, ఇవన్నీ పెట్టుకుంటేగానీ నిద్ర పట్టదు" అన్నారు. ఎందుకని అడగడానికి నాకు నోరు రాలేదు. అడగనివ్వరని కూడా తెలుసు.

చివరికి ఒక రోజు, ఈనె తీస్తూ తీస్తూ, రాయచోటి అక్క తలెత్తకుండా అంది. "నేను చెప్తా. మల్లా మల్లా చెప్పలేను."

"ఒక్కసారే" అన్నారు మేడమ్. "ఆఫీసులో, ఒక్కసారి. నేను పక్కనే ఉంటాను. ఆ తర్వాత ఏ బల్ల దగ్గర ఎవరు అడిగినా నేనే చెప్తాను. నిన్ను మళ్లీ అడగనివ్వను."

ఆదివారానికి రమ్మన్నారు ఆఫీసు వాళ్లు. గురువారం మేం బయల్దేరుతుంటే అక్క తలుపు కింద ఉన్న సంచి వైపు చూస్తూ నిలబడింది. మేడమ్ అది గమనించి, "ఉంచుకో. ఆదివారం తెద్దువుగాని" అన్నారు. ఆ సంచి ఆవిడ చేతిలోంచి ఇంకొకరి దగ్గరికి వెళ్లడం నేను అప్పుడే చూశాను.

శనివారం నేను షెల్టర్‌కి వెళ్లాను. చావు కబురు ఎలా చెప్పాలో కూడా మాకు నేర్పారు. చుట్టూ తిప్పకుండా, తేలిక మాటల్లో, నిజం. వాళ్ల మేలు కోసమని కూడా అబద్ధం ఆడొద్దు, అబద్ధాలతోనే వాళ్లని ఇక్కడిదాకా తెచ్చారు అనేవారు మేడమ్. తలుపు తీసే ఉంది, సంచి దాని కింద ఉంది. పక్కన కూర్చుని చెప్పాను. మేడమ్ చనిపోయారు, నిన్న తెలిసింది, గుండె ఆగిపోయింది అని. 

ఆమె ఏడవలేదు. సంచి వైపు చూస్తూ అడిగింది.

"పొయ్యేటప్పుడు ఆయమ్మ ఇంటి వాకిలి తెరిచే ఉన్నిందా?"

తలుపుని వాళ్ల వైపు వాకిలి అంటారు. ఆ ప్రశ్న నేను ఊహించలేదు. తెరిచే ఉంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు. మూసి ఉంది. విరగ్గొట్టి తీశారు."

"సంచి నా కాడ ఇడిసిపెట్టి పాయె" అంది.  సంచి తన దగ్గర ఉండిపోబట్టే ఆ తలుపు మూసుకుపోయిందని ఆమె అనుకుంటోందని నాకు అర్థమైంది.

"సంచి ఉన్నా అంతే అక్కా. ఇంట్లో ఆవిడ ఎప్పుడూ గడియలు పెట్టుకునే పడుకునేవారు. నేను చూశాను. రెండు గడియలు, ఒక గొలుసు."

ఆమె నా మొహంలోకి చూసింది. ఇన్ని వారాల్లో అదే మొదటిసారి. "ఆయమ్మకి గూడా బయమేనా?" అంది.

"అవును."

 రేపు వస్తావా అని నేను అడగలేదు. ఆరోజు చిక్కుడుకాయలు లేవు. ఊరికే కూర్చున్నాం, నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేడమ్ ఉన్న పెట్టె ఊరికి చేరడానికి చాలా రోజులు పట్టింది. కాగితాల కోసం తిరిగిన ప్రతి బల్ల దగ్గరా ఎలా పోయారు, ఎవరు చూశారు, తలుపు ఎవరు విరగ్గొట్టారు అని అడిగారు. చెల్లెలికి ఫోన్ కలపమన్నారు. మేం కలపలేదు. నేనూ తమ్ముడూ వంతులవారీగా చెప్పాం. ఆ పని మాకు వచ్చు. నేర్పించారు కదా. ఇప్పుడు మేడమ్ నరసాపురం మట్టిలో ఉన్నారు. అక్క ఇంకా ఇక్కడే ఉంది. ఎగ్జిట్ రాలేదు. వస్తుందని ఎవరూ మాట ఇవ్వడం లేదు, నేనూ ఇవ్వను.

కానీ ఆ ఆదివారం పొద్దున నేనూ తమ్ముడూ షెల్టర్ ముందు కారు ఆపేసరికి, ఆమె ఒంటినిండా నల్లటి అబాయా వేసుకుని మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో ఆ సంచి.  ఆఫీసులో తమ్ముడు ఎవరూ చెప్పకుండానే వరండా చివరికి పోయి, వచ్చేవాళ్లకి అడ్డంగా నిలబడ్డాడు. లోపల అధికారి, అరబ్బీలోకి మార్చి చెప్పే ఒకాయన. బల్లకి ఎదురుగా రెండు కుర్చీలు. నేను నాది ఆమె పక్కకి జరుపుకున్నాను. ఆ గది తలుపు, చేయి వదిలితే దానంతటదే మూసుకుపోయే రకం. మా వెనకాల మూసుకుపోతోంది. ఆమె వెనక్కి తిరిగి, వంగి, సంచిని గడప దగ్గర పెట్టింది. అధికారి తలెత్తి చూశాడు. ఏసీ చల్లదనమంతా వరండాలోకి పోతోంది. ఏదో అనబోయి ఆగాడు. ఆమె కూర్చుని, చెంగు అందుకున్నట్టు అబాయా అంచు పిడికిట్లో పట్టుకుని, మొదలుపెట్టింది. తలుపు నెమ్మదిగా వచ్చి సంచికి ఆనుకుంది. ఆమె చెప్పినంతసేపూ అది అక్కడే ఆగి ఉంది.