మోటారు తీసేసిన ఫ్యాను

చల్లపల్లి నుంచి విజయవాడ వచ్చే బస్సులో, ఇత్తడి రెక్కల పాత టేబుల్ ఫ్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కసీటు పెద్దాయన దాని రెక్కను వేలితో మెల్లగా తిప్పి, "తిరుగుద్దా అండీ?" అని అడిగారు.

"బాగానే తిరిగేదండీ. మోటారు తీసేశాను. బల్బు పెట్టి ఒక హోటలుకి అలంకారంగా ఇస్తాను."

ఆయన ముఖం ఎర్రబడింది. "నలభై ఏళ్లు వీటి మోటార్లకి తీగ చుట్టి వైండింగ్ కట్టానండీ. కాలిపోయినవి కూడా తిరిగేట్టు చేశాను. తిరిగేదాన్ని మీరు పాడుచేశారా?"

"నేను కొనుక్కున్నది, నా ఇష్టం" అన్నాను కోపంగా.

బస్సు కిక్కిరిసి ఉన్నా ఆయన లేచి వెళ్లి, ఆ వయసులో విజయవాడ దాకా నిలబడే వచ్చారు.

ఇంట్లో విప్పడానికి ఇంకో రెండు ఫ్యానులున్నాయి, మోటార్లు కాలిపోయినవి. మర్నాడు, ఆయన మీద కోపం తగ్గకుండానే, వాటిని పట్టుకుని భవానీపురంలో వైండింగ్ షాపు వెతుక్కుంటూ వెళ్లాను.