దేవదాసు గారి రాకెట్ల రిజిస్టరు

దేవదాసు సూళ్ళూరుపేట మనిషి. అంటే శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడల్లా మిద్దెక్కి చూసి, కిందికి దిగి మళ్ళీ అన్నం ముందు కూర్చునే జాతి. 1991లో బెంగుళూరు వచ్చి భుజంగరావు గారి కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. పన్నెండేళ్ళు డ్రాయింగ్ బోర్డు మీద వంగి, ఆ వంపును నడుముకు శాశ్వతం చేసుకున్నాడు. 2003లో బోర్డులను పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు. మనిషిని ఏం చెయ్యాలన్నది ఇంకా తేలలేదు.

"ఆనేకల్‌లో ఒక స్కూలువాళ్ళకి కంప్యూటర్ మ్యాప్ కావాలటయ్యా. 1957 నుంచి ఇవాళ్టిదాకా రాకెట్లు ఎక్కడెక్కడ లేచాయో నొక్కితే కనబడాలి. రెండు నెలలు టైము. వాళ్ళ సంతకం తెచ్చావా, కంప్యూటర్ సెక్షన్లో ఉంటావు. లేదా, నా చేతుల్లో ఏం లేదు," అన్నారు భుజంగరావు.

దేవదాసు మౌస్ పట్టడం నేర్చుకున్నాడు. క్యారియరు ఇవ్వడానికి వచ్చిన భార్య సుగుణమ్మ కాసేపు చూసింది. ఆవిడ నర్సు. "రోగి నాడి చూసినట్టు పట్టుకుంటుండావేందయ్యా? నొక్కు!" అంది.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి. వర్తూరులోని చిన్న తెలుగు చర్చికి రిజిస్టరు రాసేది దేవదాసే. బాప్తిస్మాలు, పెండ్లిండ్లు, సమాధులు, అన్నీ ఆయన దస్తూరీలోనే. ఎక్కించిన పేరు కొట్టెయ్యకూడదన్నది అక్కడి నియమం. ఆ సంఘంలో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే, ఎన్నేళ్ళు బతికారో అన్ని గంట దెబ్బలు కొడతారు. ఎనభై దాటిన పెద్దలు పోతే గంట కొట్టే మనిషి ముందు టిఫిన్ చేసి మరీ వస్తాడు.

మ్యాప్ ఈ పద్ధతిలోనే తయారైంది. కింద సంవత్సరాల పట్టీ. పట్టీ జరిపితే ఆ సంవత్సరం లేచిన రాకెట్లు పచ్చ చుక్కలై వెలుగుతాయి. కూలినవాటికి నల్ల సిలువ. సిలువ నొక్కితే, ఆ రాకెట్టు గాల్లో ఎన్ని సెకండ్లు బతికిందో అన్ని గంట దెబ్బలు.

భుజంగరావు గారు చూసి అదిరిపడ్డారు. "సముద్రమంతా శ్మశానంలా ఉందేవిటయ్యా! ఫెయిలైనవి తీసెయ్."

"పుట్టినాక రాయకుండా ఎట్ట ఉంటాం సార్?"

"రాకెట్టుకి పుట్టుకేవిటయ్యా?"

"మరి పోయిందంటారు గదా సార్."

ఆయన ఆ సిలువలను లెక్కపెడుతూ ఉండగానే ఆనేకల్ వెళ్ళే రోజు వచ్చేసింది.

స్కూలు కరస్పాండెంటు వెంకటగిరియప్ప, అక్కడి పాతకాపు తెలుగువాడు, కంప్యూటర్ ముందు పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. హంగుగా ఉంటుందని భుజంగరావు గారు కంప్యూటర్ శబ్దాన్ని స్కూలంతా వినబడే ప్రార్థన మైకుకు తగిలించారు. వెంకటగిరియప్ప ఎంచి ఎంచి ఒక పరాయిదేశపు సిలువ నొక్కాడు.

టంగ్.

దేవదాసు అలవాటు కొద్దీ లేచి చేతులు కట్టుకుని తల వంచాడు. ఆయన్ను చూసి టీచర్లు లేచారు. టీచర్లను చూసి భుజంగరావు గారూ లేచారు. పన్నెండో దెబ్బకు బయట దడదడలు మొదలయ్యాయి. పద్మావతి టీచరు కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"సార్! పిల్లోళ్ళంతా బ్యాగులేసుకొని పోతా ఉండారు!"

ఆ స్కూల్లో ఆగకుండా గంట మోగిందంటే ఇంటికి పొమ్మని. ఉదయం పదిన్నర. నలభయ్యో దెబ్బకు స్కూలు ఖాళీ. వాచ్‌మన్ కూడా కర్తవ్యదీక్షతో గేటుకు తాళం వేసి వెళ్ళిపోయాడు.

"గంట తీయించేస్తానండీ. సిలువలు తీయించేస్తాను. ఇంకా ఎవరినైనా తీసెయ్యమంటే..." అని భుజంగరావు గారు దేవదాసు వైపు చూశారు.

వెంకటగిరియప్ప ఆ మాట విననట్టే ఉన్నాడు. "ఇది ఎంతసేపు బతికిందప్పా?"

"నలభై సెకండ్లు సార్."

"దీని తర్వాతది?"

దేవదాసు పట్టీ జరిపాడు. సిలువ పక్కనే పచ్చ చుక్క. "అదే చోటు సార్. మూడు నెలలకు మళ్ళీ లేపినారు. బాగా పోయింది."

వెంకటగిరియప్ప గడ్డం గోక్కున్నాడు. "ఫెయిలైనోటిని తీసేస్తే నేనొప్పేది లేదు. మా పదో క్లాసులో ఫెయిలైనోళ్ళని తీసేస్తే ఈడ మిగిలేది ఈ టీచరమ్మ ఒక్కతే. నేనూ మిగల్ను, రెండు తూర్లు తప్పినోణ్ణి. గంట ఒక్కటి నిలిపెయ్యప్పా, సంతకం పెడతా."

అలా ఉద్యోగం నిలిచింది. దేవదాసు గంట తీసేశాడు. కానీ పోయినవాళ్ళకు మర్యాద ఉండాలి కదా! అందుకని దెబ్బల బదులు అన్ని సెకండ్లు మౌనం పెట్టాడు. అంతసేపూ తెర కదలదు, మెదలదు, ఎంత నొక్కినా పలకదు.

ఆ మ్యాప్‌ను తర్వాత మరో పదకొండు స్కూళ్ళు కొన్నాయి. కంప్యూటర్ సెక్షన్లో దేవదాసుకు ప్రత్యేకంగా ఒక టేబులూ, దాని మీద ఒక ఫోనూ ఇచ్చారు. రిటైరయ్యేదాకా, స్కూళ్ళ నుంచి వచ్చే ఆ ఫోను ఎత్తడమే ఆయన పని.

"చెడిపోలేదమ్మా. నొక్కబాకండి. ఇంకా పదహారు సెకండ్లు ఉండాది."