ఆఖరి పేజీ లేని దయ్యం

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆ సంగతి మా అయ్యవారికి చాలా రోజులు తెలియనే లేదు. తెలిసేదాకా, "వీడికి ఈమధ్య బుద్ధొచ్చింది, కిక్కురుమనడం లేదు" అని క్లాసులో పొగిడేవాడట. నా చదువుకు దక్కిన మెప్పు అదొక్కటే.

మిగతా చదువంతా పాత సామాన్ల కొట్లో సాగింది. తూకానికి వచ్చిన పాత బొమ్మల కథల పుస్తకాలు అక్కడ దొరికేవి. అట్ట మీద పుర్రె, లోపల కోటు వేసుకున్న దొర. వచ్చీరాగానే ఆస్తి కోసం అన్నను చంపుతాడు. పేజీ తిప్పితే అద్దంలో తన ముఖానికి బదులు అన్న ముఖం కనపడి "అయ్యో! విధి!" అని తెలుగులో గావుకేక పెడతాడు. ఆ తర్వాత ఏమయ్యేదో చాలాసార్లు నాకు తెలియదు. కొట్టాయన మిరపకాయ బజ్జీలు తిని చేతులు తుడుచుకునేది ఆఖరి పేజీలతోనే. ఇప్పుడు నా తల నెరిసింది, ఫోన్లో లోకంలోని దయ్యాలన్నీ ఉన్నాయి. అయినా ఆ పుస్తకాలు నా ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి.

మొన్నటి పంటకు మా అక్క నన్ను పిలిపించింది. కుందుర్పి దగ్గర ఆమెది వానను నమ్ముకున్న చేను. వరుసగా ఎండిపోతూ వచ్చి, ఈసారి వేరుశనగ నిండుగా కాయ పట్టింది. చెట్లు పీకి కుప్పలు వేయించింది. ఇక ఆడకూలీలు కూర్చుని కాయలు విడదీయాలి. నా పని కథ చెప్పడం. కథ నడుస్తుంటే ఎవరూ మధ్యలో లేచిపోరని అక్క నమ్మకం. నాకు కూలి టీ. అడిగితే ఇంకో టీ.

ఆ రోజు ఒక దొర తన భాగస్థుణ్ణి చెరువులో తోసేస్తే, అతడు దయ్యమై పేరు పెట్టి పిలిచే కథ ఎత్తుకున్నాను. నిండు చెరువంటే మావాళ్లు నమ్మరని, దయ్యాన్ని చేని గట్టు పక్కనున్న అక్క ఎండిన పాడుబావిలోకి మార్చాను. సాయంత్రానికి దొర కూడా అందులో పడి చచ్చాడు. దయ్యం "ఇంకొకరు కావాలి" అంది. పుస్తకం అక్కడితో చినిగిపోయింది, నేనూ ఆపేశాను.

తెల్లారి చేలో ఒక్క మనిషి లేదు. పడమటి మబ్బు మాత్రం వచ్చింది. ఏడాదంతా మొహం చాటేసే వాన, కుప్పలు బయటున్నప్పుడే దారి వెతుక్కుని వస్తుంది. తడిస్తే కాయ నల్లబడి మొలకెత్తుతుంది. ఇన్నాళ్లకు వచ్చిన పంట అక్కకు దక్కదు.

"ఏమిరా, నాకు కరువు చాల్లేదని దయ్యాన్ని గూడా తెచ్చినావా? పో, పోయి వాళ్లను పిల్చకరా!" అంది అక్క.

కూలీలకు పెద్ద ఒక అవ్వ. ఆమె ఇంటిముందు అందరూ కూర్చుని ఉన్నారు.

"ఏమప్పా, ఆ దయ్యానికి ఆఖరుకు ఏమాయ?" అంది అవ్వ.

"ఆఖరి పేజీ లేదవ్వా."

"అట్లయితే అది ఇంగా ఆడనే ఉండాది కదా!"

అందరూ తలలూపారు.

"లేదవ్వా, దాని పగ తీరింది, పైకి పోయింది."

"పుస్తకంలో ఉండాదా, ఇప్పుడు పుట్టించినావా?"

"నేనే బాయిలోకి దిగి చూపిస్తా, రాండి!" అనేశాను.

అందరూ వచ్చి బావి గట్టు మీద నిలబడ్డారు. నేను పాత మెట్లు దిగుతూ, "యాడుండాదే దయ్యం?" అని లోపలికి కేకేశాను. సగం దిగేసరికి వెనక నుంచి ఎవరో లుంగీ పట్టి లాగారు.

"అయ్యో! విధి!" అని అరిచాను.

అది కంపచెట్టు. లుంగీ దానికి వదిలేసి, నిక్కరుతో పైకొచ్చాను. గట్టు మీద అవ్వతో సహా కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వుతోనే పోయి కుప్పల దగ్గర కూర్చున్నారు. మొదటి చినుకు రాలేసరికి కాయలన్నీ సంచుల్లోకి, సంచులు పట్టల కిందికి చేరాయి. అక్క నాకు అడక్కుండానే రెండో టీ పోసింది.

"చూసినావా అవ్వా, దయ్యం లేదు, ఏమీ లేదు" అన్నాను మీసం తుడుచుకుంటూ.

"ఎందుకుంటాదప్పా?" అంది అవ్వ. "నీళ్లు ల్యాక అది ఎప్పుడో బెంగళూరికి పనికి పోయింటాది. పనీపాటా ల్యాకుండా ఈడనే తిరుగుతాండేది నువ్వొగనివే."