రఘునాథపల్లి దగ్గర తగ్గే గ్లాసెడు నీళ్లు

ఎవరైనా దయ్యాల ముచ్చట ఎత్తితే అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. జనగామలో సూర్యాపేట రోడ్డు పక్కన నాకు కార్ల షెడ్డు ఉంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. బండి చెడిందంటే దానికో కారణం ఉంటుంది. అది దొరకలేదంటే వెతికినవాడు సరిగ్గా వెతకలేదనే అనుకుంటాను. ఈ సంగతి రాస్తున్నప్పుడు కూడా నా మనసులో ఉన్నది అదే. అందుకే చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు రాస్తున్నాను.

సతీష్ మా ఊళ్లో కిరాణా హోల్‌సేల్ వ్యాపారి. వాళ్ల నాన్న కొన్న తెల్ల కారు ఒకటి ఉంది వాళ్లింట్లో. నాన్న పోయి అప్పటికి ఏడు నెలలు. చలికాలం మొదట్లో సతీష్ ఆ కారు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"యాకన్నా, అద్దం లోపట మంచు వట్టినట్టు అయితుంది. ఎంత తుడిచినా పోతలేదు. ఏందో తియ్యటి వాసన గూడ వస్తుంది" అన్నాడు.

తలుపు తీయగానే నాకు అర్థమైంది. ఎడమ సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ తడిగా ఉంది. అద్దం మీద వేలు పెట్టి గీస్తే జిడ్డు అంటింది. అది మంచు కాదు, ఇంజన్ చల్లబరచడానికి నీళ్లలో కలిపే కూలెంట్ ఆవిరి. డాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్ లాంటిది ఒకటి ఉంటుంది. హీటర్ కోర్ అంటాం. ఇంజన్‌లోని వేడినీళ్లు రెండు పైపుల ద్వారా అందులోకి వెళ్లి తిరిగి వస్తుంటాయి. దాని మీదుగా గాలి కొడితే కారులో వెచ్చగా ఉంటుంది. దానికి చిల్లు పడితే నీళ్లు కార్పెట్ మీదికి, ఆవిరి అద్దం మీదికి చేరతాయి.

మా వైపు చాలామంది ఆ రెండు పైపులనూ ఇంజన్ దగ్గరే కలిపేసి హీటర్‌ను వదిలేస్తారు. ఇక్కడ హీటర్ ఎవరికి కావాలి అంటారు. నాకు అది నచ్చదు. రెండు రోజులు కూర్చుని డాష్‌బోర్డు మొత్తం విప్పి కొత్త కోర్ వేశాను. కార్పెట్ తీసి ఎండబెట్టాను. వాసన పోయింది, అద్దం తేటగా అయ్యింది. అంతటితో పని అయిపోయిందనుకున్నాను.

పదిహేను రోజులకు సతీష్ మళ్లీ వచ్చాడు. నీళ్లు తగ్గుతున్నాయట. డాష్‌బోర్డు వెనక ఏదో చప్పుడు కూడా వస్తోందట.

"ఎట్ల చప్పుడు?"

"గుటకలు మింగినట్టు" అన్నాడు. అని వెంటనే కిందికి చూశాడు.

కోర్‌లో గాలి చేరితే గడగడమని చప్పుడు రావడం మామూలే. గాలి తీసేసి పంపాను. మళ్లీ వచ్చాడు. ఇక అప్పుడు నాకు పట్టుదల పెరిగింది. రేడియేటర్ మూత తీసి, పంపుతో లోపలికి గాలి ఒత్తిడి ఎక్కించి గంటసేపు కూర్చున్నాను. గేజీ ముల్లు వెంట్రుకంత కూడా కదల్లేదు. కూలెంట్‌లో రంగు కలిపి, నీలం లైటు వేసి ప్రతి అతుకూ చూశాను. ఎక్కడా కారడం లేదు. సైలెన్సర్‌లో తెల్లపొగ లేదు, ఇంజన్ ఆయిల్‌లో నీళ్లు కలవలేదు. మూత కొత్తది మార్చాను. నీళ్లు తగ్గుతూనే ఉన్నాయి.

బానెట్ కింద ఉండే కూలెంట్ నీళ్ల డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి ఇచ్చాను. ఎక్కడికి పోయి వచ్చినా ఇంజన్ చల్లారాక చూడమన్నాను. నేనే ఆ కారు తీసుకుని తొర్రూరు మీదుగా మహబూబాబాద్ వెళ్లి వచ్చాను. చుక్క తగ్గలేదు. సతీష్ వరంగల్ దాటి భూపాలపల్లిలో ఉన్న అక్క ఇంటికి వెళ్లి వచ్చాడు. ఆ రోజు తగ్గింది. తగ్గిన నీళ్లు కొలిచి పోస్తే ఒక స్టీలు గ్లాసెడు. తర్వాత వరంగల్ వెళ్లి వచ్చాడు. మళ్లీ గ్లాసెడే.

లీకు అనేది అలా ఉండదు. రోజుకో తీరుగా ఉంటుంది, దూరం పెరిగితే పెరుగుతుంది. ఇది భూపాలపల్లికి వెళ్లినా గ్లాసెడే, వరంగల్‌కు వెళ్లినా గ్లాసెడే.

వచ్చేటప్పుడు దారిలో రెండు మూడు చోట్ల ఆగి గీత చూడమని చెప్పాను. హన్మకొండలో చాయ్ తాగి చూస్తే గీత మీదే ఉందట. స్టేషన్ ఘన్‌పూర్‌లో చూస్తే గీత మీదే ఉందట. రఘునాథపల్లి దాటాక చూస్తే కిందికి దిగిందట. అక్కడ రోడ్డు గతుకుగా ఉండి, కుదుపుకు ఏదో సన్నని పగులు విచ్చుకుంటోందని అనుకున్నాను. నా కళ్లతో చూస్తే తప్ప తేలదు.

అందుకని ముందు కొత్త కోర్‌ను కూడా బయటికి తీశాను. గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచాను. ఒక్క బుడగ రాలేదు. దాన్ని మళ్లీ కారులో పెట్టలేదు. రెండు పైపులనూ ఇంజన్ దగ్గరే కలిపేశాను. అంటే ఇక డాష్‌బోర్డు వెనక ఉన్నది ఉత్త ఖాళీ డబ్బా. కోర్ నా షెడ్డులో బల్ల మీద ఉంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

మర్నాడు సతీష్ వాళ్ల అమ్మ అనసూయమ్మను మోకాళ్ల నొప్పులకు వరంగల్ దవాఖానలో చూపించాలి. నేనూ వెంట వెళ్లాను. ఆమె కాళ్లు చాపుకోవడానికి వీలుగా ముందు ఎడమ సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. వెళ్లేటప్పుడు ఏమీ జరగలేదు. తిరుగు ప్రయాణంలో ఘన్‌పూర్‌లో ఆపి గీత చూశాను. సరిగ్గా ఉంది. మధ్యాహ్నం రెండు దాటింది. మంచి ఎండ.

రఘునాథపల్లి ఇంకా కాస్త దూరం ఉందనగా వినిపించింది.

గుటక. ఆగి మళ్లీ గుటక. ఆ తర్వాత వరుసగా మూడు. ముందు సీటు ఎదుట, డాష్‌బోర్డు లోపలి నుంచి. పైపులో నీళ్లు కదిలే చప్పుడు నాకు తెలుసు. ఇది అది కాదు. బాగా ఎండిన గొంతులోకి నీళ్లు దిగే చప్పుడు.

"ఆపు, ఆపు! ఇంజన్ బంద్ చెయ్యి" అన్నాను. సతీష్ పక్కకు తీసి ఆపాడు. దిగి బానెట్ ఎత్తాను. నేను కలిపిన పైపు వేడిగా, గట్టిగా ఉంది. డాష్‌బోర్డులోకి పోయే రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. వేలు పెట్టి చూశాను, పొడి దుమ్ము అంటింది. రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కారు కింద చూశాను. చుక్క లేదు. లేచి నీళ్ల డబ్బా చూశాను. ఘన్‌పూర్‌లో గీత మీదున్న నీళ్లు గీతకు బాగా కిందికి వెళ్లాయి.

తలుపు దగ్గరికి వచ్చేసరికి, ఇంజన్ ఆగి ఉండగానే, మళ్లీ ఒక గుటక వినిపించింది. సతీష్ స్టీరింగ్ వదిలేసి తలుపు వైపు ఒరిగిపోయాడు. నేను కూడా ఒక అడుగు వెనక్కి వేశాను, దాచడం ఎందుకు.

అనసూయమ్మ మాత్రం కదల్లేదు. డాష్‌బోర్డు మీద అరచేయి ఆనించి కొడుకు వైపు తిరిగింది.

"మీ నాయిన" అంది.

సతీష్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. నాకు అప్పటిదాకా తెలియని సంగతి అప్పుడు చెప్పాడు. వాళ్ల నాన్నకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు వరంగల్‌కు డయాలిసిస్‌కు తీసుకెళ్లేవాడట. నీళ్లు కొలిచి తాగించాలని డాక్టర్ చెప్పాడట.

"వాపసు వస్తుంటే ఈడికి రాంగనే అడిగేటోడన్నా. నేను బాటిల్ డిక్కిల వెట్టి తాళం ఏసేటోన్ని. ఆఖరిసారి చేతులు జోడిచ్చి అడిగిండు. చిన్నపోరనివా నువ్వు అని ఒర్రిన. ఇగ అడగలే. కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్నడు. మూడో రోజు పోయిండు."

"నువ్వు ఆయన పానం కోసమే వద్దన్నవు. ఆయనకు దెల్వదా?" అంది తల్లి. డాష్‌బోర్డు మీద చేయి తీయలేదు. "ఇప్పుడు తాగనియ్యి బిడ్డా. ఇప్పుడు తాగితే ఏమైతది?"

సతీష్ కళ్లు తుడుచుకుని కారు స్టార్ట్ చేశాడు.

నేను అక్కడితో వదిలేయలేదు. నాలుగు రోజులు కారు ఉంచుకుని ఇంజన్ హెడ్ దింపాను. గాస్కెట్ బాగుంది. పగులు లేదు. అంతా కొత్తగా బిగించాను. ఆ వారం సతీష్‌ను వరంగల్ దాకా వెళ్లి రమ్మన్నాను. గ్లాసెడు తగ్గింది.

తర్వాత ఒక పొద్దున సతీష్ షెడ్డుకు వచ్చాడు. కారు డిక్కీలో ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఉంది. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అసలు మాట అడిగాడు.

"అన్నా, గా పచ్చ కూలెంట్ మనిషి తాగితే విషమే కదా?"

"విషమే."

"గది తీసేసి మంచినీళ్లు పోస్తవా? గా కోర్ గూడ మళ్ల వెట్టు."

ఇంజన్‌లో ఉత్త నీళ్లు పోస్తే లోపల తుప్పు పడుతుంది. ఎవరైనా పోసుకుని వస్తే నేను తిట్టి పంపుతాను. ఇరవై రెండేళ్లలో నా చేత్తో ఎవరి బండిలోనూ పోయలేదు. ఆ రోజు వాదించలేకపోయాను. కోర్ బిగించాను. పాత కూలెంట్ అంతా వదిలి, రంగు పోయి తేట నీళ్లు వచ్చేదాకా మూడుసార్లు కడిగాను. సతీష్ క్యాన్ ఎత్తి పట్టుకుంటే నేను గరాటు పట్టాను.

అప్పటి నుంచి రెండు నెలలకోసారి ఆ కారు వస్తుంది. తుప్పు పట్టకుండా కడిగి నీళ్లు మారుస్తాను. వరంగల్ వైపు నుంచి వచ్చిన ప్రతిసారీ గ్లాసెడు తగ్గుతూనే ఉంది. కార్పెట్ పొడిగా ఉంటుంది, అద్దం తేటగా ఉంటుంది. గుటకలు ఇంకా వినిపిస్తున్నాయా అని నేను సతీష్‌ను అడగలేదు.

నాకు తెలిసిన ఇద్దరు పాత మెకానిక్‌లకు ఇదంతా చెప్పాను. ఒకాయన నవ్వాడు. రెండో ఆయన కారు తెప్పించుకుని రోజంతా చూసి, చివరికి తాళం నా చేతికిచ్చాడు.

ఆ నీళ్లు ఎటు పోతున్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. కారు వచ్చిన ప్రతిసారీ కింద పడుకుని, లైటు వేసి ఒక్కో అతుకూ చూస్తాను. ఏమీ దొరకదు. లేచి చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, అప్పుడు మంచినీళ్లు పోస్తాను.