మా అత్తగారు మెత్తబడిన ఏడాది

మా అత్తగారిది పెద్ద గొంతు. కోవూరు పక్కన మా కల్లంలో ధాన్యం ఎండబోసే కూలీలు, ఇంట్లోంచి ఆమె కేక వినబడితే అన్నాల వేళయిందని లేచేవాళ్ళు. అలాంటి మనిషి ఒక ఏడాది నెమ్మదిగా మారిపోయారు. గుండె దడకు నెల్లూరు డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చిన కొన్ని నెలలకు మొదలైందది.

ఒకరోజు చారులో ఉప్పు మరిచిపోయాను. ఆమె పల్లెత్తు మాట అనకుండా తిని చెయ్యి కడుక్కున్నారు. నాకు భయమేసింది. మావారు మాత్రం సంతోషించారు.

"వయసొచ్చింది కదా, అమ్మ మెత్తబడింది. నువ్వు అదృష్టవంతురాలివి" అన్నారు.

రోహిణి కార్తె ఎండల్లో ఆమె దుప్పటి కప్పుకొని, "ఆ ఫ్యాను ఆపుమే, చలేస్తుండాది" అన్న రోజున ఇక ఆగలేదు. నెల్లూరు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించారు. రిపోర్టులో టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంది.

"అయితే థైరాయిడ్ ఎక్కువైనట్టా?" అని మావారు అడిగారు.

"కాదండీ, తగ్గినట్టు. టీఎస్‌హెచ్ తల లోపలినుంచి వచ్చే కేక. మెడలోని థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పని చేయకపోతే, పని చెయ్యమని ఆ కేక పెరుగుతుంది." ఆవిడ అత్తగారి వైపు తిరిగారు. "పని జరగకపోతే మీరు గొంతు పెంచరా పెద్దమ్మా?"

"నేనా? నేనెప్పుడు అరిచినాను?" అన్నారు అత్తగారు నిదానంగా.

మేమిద్దరం గోడమీది క్యాలెండరు చూశాం.

గుండె మాత్రలో అయోడిన్ ఎక్కువట. కొందరిలో అది థైరాయిడ్‌ను మందగింపజేస్తుందట. "అందుకే కదా మధ్యలో పరీక్షకు రమ్మన్నాను, ఎందుకు రాలేదు?" అని డాక్టరమ్మ అడిగారు.

"ఇంట్లో అంతా బాగుండాది కదా అని..." మావారు నసిగారు.

గుండె మాత్ర సొంతంగా ఆపొద్దని చెప్పి, పరగడుపున వేసుకోవడానికి ఇంకో మాత్ర రాశారు. అది వేసుకున్నాక గంటసేపు కాఫీ కూడదు. మొదట్లో అత్తగారు ఆ గంటా మౌనంగా కూర్చునేవారు. రెండో నెలలో ఒక ఉదయం వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"ఏందిమే, గడియారం నిద్రపోతుండాదా, నువ్వు నిద్రపోతుండావా?"

మావారు పేపరు దించి చూశారు. నాకు నవ్వూ కన్నీళ్ళూ కలిసి వచ్చాయి. కాఫీ పొంగిపోయింది, దానికీ తిట్లు తిన్నాను.

మళ్ళీ చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ దారికొచ్చింది. ఆ వారమే కొడవలూరు నుంచి ఆమె చెల్లెలు ఫోను చేసి, తనకూ టీఎస్‌హెచ్ పెరిగిందని ఏడ్చింది.

"పెరిగిందంటే తగ్గినట్టే. ఏడవబాక. నువ్వు మింగే మాత్రలన్నీ సంచిలో ఏసుకోని డాక్టరు దగ్గరికి పో. ఒక్కటి కూడా దాచబాక" అన్నారు అత్తగారు.

అవతల ఆవిడ ఏదో అడగబోయింది. అత్తగారు విననేలేదు, పాత గొంతుతో చెప్పుకుంటూనే పోయారు.